పదకొండు రాత్రులు, మధ్యలో నెల ఎడం: లండన్‌లో బర్లెస్క్ షోకి లైసెన్సు తెచ్చిన అనుభవం

కొత్త హాలుకి వెళ్తే నేను ముందు చూపించమనేది ప్రెమిసెస్ లైసెన్సు, అంటే ఆ ఆవరణలో మద్యం అమ్మడానికీ వినోదం పెట్టడానికీ ఇచ్చే అనుమతి. బార్ పక్కన ఫ్రేము కట్టి తగిలించినది చాలదు, అది సారాంశం మాత్రమే. అసలు కాగితం మేనేజరు సొరుగులో ఉంటుంది, దాని వెనక నాలుగు అనుబంధాలుంటాయి. రెండోది తిప్పితే చాలా పబ్బుల్లో ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటి కనిపిస్తుంది: ఈ ఆవరణలో నగ్నత్వం గాని, బట్టలు విప్పే ప్రదర్శన గాని, పెద్దలకు మాత్రమే అనదగ్గ వినోదం గాని ఉండరాదు. ఎప్పుడో దరఖాస్తు నింపేటప్పుడు పెద్దల వినోదం అన్న గడిలో యజమాని ‘ఏమీ లేదు’ అని రాసేస్తాడు. అదే తిరిగి షరతై లైసెన్సులోకి ఎక్కుతుంది. ఆయనకి ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. బర్లెస్క్ వాళ్లకి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. అందరూ భయపడే పెద్ద చట్టం దగ్గర కాదు.

మా హాలు పబ్బు పై అంతస్తులో ఉంది, 120 మంది పడతారు. షోలో ఆరు అంకాలు, మధ్యలో మాటలు కలిపే వ్యాఖ్యాత, ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు. రాత్రి తొమ్మిదింటికి మొదలై పదకొండున్నరకి అయిపోతుంది, బార్ మాత్రం పన్నెండున్నర దాకా తెరిచి ఉంటుంది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం నేను చేసిన పని ఇది. స్కాట్లండ్ లెక్క వేరు, అది తర్వాత చెబుతాను.

బర్లెస్క్ అంటే మనవాళ్లకి వెంటనే పాత సినిమాల్లో విలన్ డెన్‌లో వచ్చే క్లబ్ డాన్సు గుర్తొస్తుంది. పోలిక పూర్తిగా తప్పు కాదు గాని, బర్లెస్క్‌లో బట్ట తీయడం కథలో ఒక భాగం, చాలాసార్లు జోకు కూడా. మోచేతి పైదాకా ఉన్న సిల్కు గ్లవ్ ఒక్కో వేలూ పళ్లతో లాగుతూ తీయడానికి నిమిషం పైన పడుతుంది. ఆ నిమిషమంతా హాలు నవ్వుతూనే ఉంటుంది. ప్రేక్షకుల్లో సగానికి పైగా ఆడవాళ్లే కనిపిస్తారు. చివరికి ఒంటి మీద మిగిలేవి పేస్టీలు (చనుమొనల మీద అంటించే చిన్న మూతలు), జీ స్ట్రింగ్ అనే సన్నని లోదుస్తు, ఒక జత ఈకల విసనకర్రలు. ఇదంతా స్థానిక కౌన్సిల్ లైసెన్సింగ్ ఆఫీసరుకి కాగితం మీద కనపడేట్టు చెప్పడమే అసలు పని.

చట్టం ఏం అడుగుతుందో ముందు తెలియాలి. 1982 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం మూడో అనుసూచిని 2009లో పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టంతో సవరించి ‘సెక్సువల్ ఎంటర్‌టైన్‌మెంట్ వెన్యూ’ (లైంగిక వినోద స్థలం) అనే కొత్త కోవ పెట్టి, దానికి వేరే లైసెన్సు ఉండాలన్నారు. ఇంగ్లండ్‌లో 2010 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ తీర్మానం చేసి స్వీకరించిన కౌన్సిళ్లలోనే. ఇది బర్లెస్క్‌ని చూసి పుట్టింది కాదు. అంతకు ముందు ల్యాప్ డాన్సింగ్ క్లబ్బులు మామూలు పబ్బు లైసెన్సుతోనే నడిచేవి, వీధివాళ్లు అడ్డం చెప్పాలంటే ఆధారం ఉండేది కాదు. ఆ ఖాళీ పూడ్చడానికి వల వేశారు, వల కన్నాలు చిన్నవి కావడంతో మేమూ పడ్డాం.

నిర్వచనం మాట మాటా చదవాలి. ప్రత్యక్ష ప్రేక్షకుల ముందు, నిర్వాహకుడికో ప్రదర్శకులకో డబ్బు వచ్చేట్టు జరిగే ‘ప్రత్యక్ష ప్రదర్శన లేదా నగ్నత్వ ప్రదర్శన’. దాని స్వభావం ఎలా ఉండాలంటే, డబ్బు సంగతి పక్కన పెట్టి చూస్తే, ప్రేక్షకుల్లో ఎవరినైనా లైంగికంగా ఉద్రేకపరచడమే ఏకైక లేదా ప్రధాన ఉద్దేశం అని సహేతుకంగా అనుకోవాల్సి వచ్చేట్టు ఉండాలి. ప్రేక్షకులంటే ఒక్కరున్నా లెక్కే.

‘ప్రత్యక్ష ప్రదర్శన లేదా నగ్నత్వ ప్రదర్శన’లో ఆ ‘లేదా’ అన్న మాట చాలామంది దాటేస్తారు. పేస్టీలు పెట్టుకుంటే చట్టం నుంచి బయటపడినట్టే అన్న నమ్మకం ఈ రంగంలో బాగా పాతుకుపోయింది. నగ్నత్వం నిర్వచనంలో ఆడవాళ్ల విషయంలో చనుమొనలు, జననాంగాలు, మలద్వారం చేరతాయి. మగవాళ్ల విషయంలో చనుమొనలు లేవు. కాబట్టి పేస్టీ ఉంటే ‘నగ్నత్వ ప్రదర్శన’ అన్న రెండో భాగం వర్తించదు. మొదటి భాగం, ‘ప్రత్యక్ష ప్రదర్శన’, అలాగే ఉంటుంది. మెడదాకా బట్టలున్నా ఉద్దేశం అదే అయితే వలలో పడొచ్చు. అలాగే ఒంటి మీద ఏమీ లేకపోయినా నాటకంలో కథ కోసం అయితే పడకపోవచ్చు. పేస్టీలు మనకి ఉపయోగపడేది ముఖ్యంగా పబ్బు లైసెన్సు షరతు దగ్గర. అక్కడ ‘నగ్నత్వం’ అని మొండిగా రాసి ఉంటుంది, ఉద్దేశం మాటే ఉండదు.

ఇప్పుడు నిజంగా కాగితం పని. ఆఫీసరు అడక్కముందే ప్రతి అంకానికీ ఒక పేజీ రాసి పెడతాను. దీన్ని మేం అంకపత్రం అంటాం. రంగస్థల పేరు, నిడివి నిమిషాలూ సెకన్లతో, పాట, కథ నాలుగు వాక్యాల్లో, తీసే బట్టలు వరసలో, ఏ క్షణానికి ఏది, చివరి భంగిమలో ఒంటి మీద ఏముంది, దేంతో అంటించారు, ప్రేక్షకులతో మాట గాని స్పర్శ గాని ఉందా, మంట గాని కొవ్వొత్తి గాని ఉందా. ఒకటి చూడండి.

‘పన్ను అధికారి’ అంకం, 5 నిమిషాల 20 సెకన్లు. బూడిద రంగు సూటు, బ్రీఫ్‌కేసు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. అధికారి లెక్కలు తనిఖీ చేస్తూ తన ఒంటి మీద బట్టలకే పన్ను వేసుకుంటుంది. 0:50కి టై, దానికో రసీదు. 1:40కి కోటు, రసీదు. 2:30కి చొక్కా, 3:15కి స్కర్టు. రసీదులన్నీ ముందు వరసకి పంచుతుంది, చేతికి ఇవ్వదు, బల్ల మీద పెడుతుంది. 4:30కి బ్రీఫ్‌కేసులోంచి విసనకర్రలు తీస్తుంది. 5:10కి విసనకర్రలు పైకి లేస్తాయి. పేస్టీల మీద ‘చెల్లించబడినది’ అని ముద్ర ఉంటుంది. లైట్లు ఆరిపోతాయి.

చదివితే ఉద్దేశం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అదే అంకాన్ని ఒక కళాకారిణి తన మాటల్లో ‘మత్తెక్కించే క్లాసిక్ స్ట్రిప్‌టీజ్, బాగా హాట్’ అని ఒక్క వాక్యంలో పంపింది. ఆ వాక్యం ఫైల్లో పడి ఉంటే మనం రేపు ఏం వాదించినా అదే ముందుకొస్తుంది. పోస్టరూ అంతే. చట్టం చూసేది వేదిక మీద జరిగేదాన్నే అయినా, ఆఫీసరు మొదట చూసేది మన టికెట్ పేజీ. ఎర్ర దీపాలూ, ‘మీ కోరికలు’ లాంటి మాటలూ తీసేసి, అంకాల పేర్లూ వ్యాఖ్యాత పేరూ పెట్టించాను. అమ్మకాలు తగ్గుతాయని నిర్మాత గొణిగాడు. పోస్టరు మాత్రం మారింది.

‘క్లాసిక్’ బర్లెస్క్ చేసేవాళ్లకి ఇక్కడ అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. జోకు, రాజకీయ వ్యంగ్యం ఉన్న అంకాన్ని కాగితం మీద నిలబెట్టడం తేలిక. మంచి సంగీతం, ఈకలు, నెమ్మదైన నడక, అంతే ఉన్న అంకానికి ‘కథ’ గడిలో ఏం రాయాలి? అందుకని జనం లేని కథలు అతికించడం మొదలుపెట్టారు. హాస్యం అక్కర్లేని చోట హాస్యం దూర్చారు. చట్టం అంకాన్ని ఆపలేదు గాని ఆకారం మార్చింది.

ఇలా మారడం కొత్త కాదు. లండన్ సోహోలో విండ్‌మిల్ థియేటరు 1930లలో నగ్న భంగిమలు చూపించింది. నాటకాల మీద సెన్సారు అధికారం అప్పట్లో లార్డ్ ఛాంబర్లెయిన్ అనే రాజభవన అధికారిది. శిల్పాల్లా కదలకుండా నిలబడితే అభ్యంతరం లేదన్నారు. దాంతో ఒక కళ మొత్తం కదలకుండా నిలబడటం చుట్టూ పెరిగింది. ఆ సెన్సారు 1968 థియేటర్ల చట్టంతో పోయింది. న్యూయార్కులో 1937లో మేయరు లగార్డియా హయాంలో లైసెన్సు కమిషనరు పాల్ మాస్ బర్లెస్క్ హాళ్ల లైసెన్సులు పునరుద్ధరించలేదు. తర్వాత తెరుచుకున్నవి బోర్డు మీద ‘బర్లెస్క్’ అన్న మాట లేకుండా ‘ఫాలీస్’, ‘రెవ్యూ’ అంటూ తెరుచుకున్నాయి. మా పోస్టరు మీద ఇప్పుడు ‘వెరైటీ క్యాబరే’ అని ఉంది, అదే పద్ధతి.

పేస్టీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షరతు నిలబడేదీ ఊడేదీ వాటి మీదే. బట్ట, దాని వెనక ఫెల్టు, పైన చెమ్కీలు. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం పూర్తిగా కప్పి, ఇంకా ఒక సెంటీమీటరు అంచు మిగలాలి. ఎక్కువమందికి 6 నుంచి 8 సెంటీమీటర్ల గుండ్రం సరిపోతుంది. గుండ్రంగా కత్తిరించి అలాగే అంటిస్తే అంచులు లేస్తాయి. అంచు నుంచి మధ్యదాకా ఒక కోత పెట్టి, రెండు అంచులు ఒకదాని మీద ఒకటి జరిపి కుట్టి, చిన్న గొడుగులా చేయాలి. అంటించడానికి విగ్గులకి వాడే రెండు వైపుల టేపు. పెద్ద ముక్క ఒక్కటి కాదు, అయిదారు సన్నని ముక్కలు బండి చక్రం ఆకుల్లా. ఉదయం నుంచి ఆ చోట నూనె గాని క్రీము గాని తగలకూడదు. స్పిరిట్ తుడిచి, ఆరనిచ్చి, అరచేత్తో అర నిమిషం ఒత్తి పట్టుకోవాలి. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుంది.

మన పౌరాణిక నాటకాల్లో మీసాలు అంటించే స్పిరిట్ గమ్ కూడా కొందరు వాడతారు. గట్టిగా పడుతుంది, కానీ చర్మం పడనివాళ్లకి దద్దుర్లు లేస్తాయి. ముందు రోజు ముంజేతి లోపలి వైపు ఒక చుక్క పెట్టి చూసుకోవాలి. పేస్టీకి వేలాడే కుచ్చు తిప్పే అంకమైతే కుచ్చుకీ పేస్టీకీ మధ్య చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కెం ఉండాలి. అది లేకపోతే దారం మెలిపడి, మెలి విప్పుకునే జోరులో పేస్టీనే లాగేస్తుంది. వేసవిలో తక్కువ కప్పున్న హాల్లో లైట్ల కింద మూడో నిమిషానికి చెమట పడుతుంది, ఊడేది అప్పుడే. అందుకే మా హాల్లో నియమం: పేస్టీ కింద చర్మం రంగు సిలికాన్ మూత ఒకటి ఉండి తీరాలి. లైట్లు చూసేవాళ్లకి ఒక సైగ, దానికి వెంటనే చీకటి. వేదిక పక్కన తెర చాటున గౌను పట్టుకుని ఒక మనిషి. ఊడితే ఆ రాత్రే సంఘటనల పుస్తకంలో సమయంతో రాస్తాం. ఒక్కసారి ఊడినంత మాత్రాన షో ఉద్దేశం మారిపోదు, కానీ షరతు మీరినట్టు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ పుస్తకమే సాక్ష్యం.

మగవాళ్లు చేసే బాయ్‌లెస్క్‌కి ఛాతీ బాధ లేదు. చట్టంలో ఆడ, మగ అన్న రెండు గడులే ఉండటంతో ఆ గడుల్లో ఇమడని కళాకారులు మా దగ్గర చాలామందే ఉన్నారు. ఎవరిని ఏ గడిలో వేయాలో తేల్చే పని మాకొద్దని అందరికీ పేస్టీలు తప్పనిసరి చేశాం. ఇద్దరికి కోపం వచ్చింది. వాళ్ల కోపం న్యాయమే.

ఇక లెక్కల సంగతి. ఒకవేళ ఆఫీసరు మన షోని ఆ నిర్వచనంలోదే అన్నా, చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఒక ఆవరణలో 12 నెలల్లో 11 సార్లు మించకూడదు. ఒక్కోటీ 24 గంటలు దాటకూడదు. ఒకటి ముగిసిన దగ్గర్నుంచి నెల లోపు ఇంకొకటి మొదలు కాకూడదు. ఈ మూడూ పాటిస్తే ఆ ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. చెబితే తేలిక. క్యాలెండరు ముందు కూర్చుంటే తెలుస్తుంది.

‘ప్రతి నెలా మొదటి శుక్రవారం’ అని ప్రకటించడం అందరూ చేసే తప్పు. 2025 సెప్టెంబరు 5 మొదటి శుక్రవారం, అక్టోబరులో మొదటి శుక్రవారం 3వ తేదీ. మధ్యలో 28 రోజులే, నెల నిండలేదు. ఫిబ్రవరికి 28 రోజులేగా, 2026 ఫిబ్రవరి 6 నుంచి మార్చి 6కి సరిపోతుందిగా అన్నారొకరు. మా రాత్రి అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి ముగుస్తుంది, అంటే ఫిబ్రవరి 7న ముగిసినట్టు. మార్చి 6 సాయంత్రానికి నెల ఇంకా కొన్ని గంటలు తక్కువ. అంకాలు పదకొండున్నరకే అయిపోతాయిగా అని వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద ఏడాది క్యాలెండరు కట్టను. అయిదు వారాలకొకసారి పెట్టడమే క్షేమం. సెప్టెంబరు 5, అక్టోబరు 10, నవంబరు 14, డిసెంబరు 19, జనవరి 23, ఫిబ్రవరి 27, అలా వెళ్తే ఆగస్టు 21కి సరిగ్గా పదకొండు. పన్నెండోది 2026 సెప్టెంబరు 25, అప్పటికి మొదటిది 12 నెలల లెక్కలోంచి బయటికి పోతుంది. వరసలో ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే అయింది, ఒక రోజు జరిపి శనివారం చేశాం. మే 8కి ఇబ్బంది లేదు.

ఇందులో చిన్న చిక్కు ఉంది. మినహాయింపు కింద చేస్తున్నాం అని రాస్తే, మన షో ఆ నిర్వచనంలోదే అని మనమే ఒప్పుకున్నట్టు. అందుకని ఆఫీసరుకి పంపే ఉత్తరంలో రెండు వాక్యాలు విడివిడిగా రాస్తాను. మా అంచనాలో ఇది ఆ కోవలోకి రాదు, కారణాలు అంకపత్రాల్లో ఉన్నాయి. ఆ అంచనాతో మీరు ఏకీభవించకపోయినా తేదీలు మినహాయింపు హద్దుల్లోనే ఉన్నాయి. ఈ వరస తిరగేయకూడదు.

స్కాట్లండ్‌లో ఆ పదకొండు నాలుగే. ఎడిన్‌బరా ఆగస్టు ఉత్సవాల్లో వరసగా ఆడే షోలకి నాలుగనేది ఏ మూలకీ రాదు, అక్కడ అంకం స్వభావం గురించిన వాదన ఒక్కటే దిక్కు.

మళ్లీ మా పబ్బు షరతు దగ్గరికి. దాన్ని మార్చడానికి రెండు దారులు. చిన్న సవరణ: ఫీజు 89 పౌండ్లు, తెల్ల ఎ4 కాగితం మీద నోటీసు, పది పనిదినాలు గుమ్మంలో ఉండాలి, పదిహేను పనిదినాల్లో జవాబు. జవాబే రాకపోతే తిరస్కరించినట్టు లెక్క, ఫీజు వెనక్కి వస్తుంది. పెద్ద సవరణ: ఫీజు భవనం పన్ను విలువని బట్టి 100 నుంచి 635 పౌండ్లు, మాది మూడో అంచె, 315. లేత నీలం ఎ4 కాగితం, అక్షరాలు 16 సైజుకి తగ్గకూడదు, 28 రోజులు, పైగా పది పనిదినాల లోపు స్థానిక పత్రికలో ప్రకటన. ఫీజు కన్నా ప్రకటనకే ఎక్కువ అవుతుంది.

ముందు చిన్న సవరణ వేశాం. పెద్దల వినోదం అన్న మాట కనిపించగానే ఇది చిన్నది కాదు పొమ్మన్నారు. మూడు వారాలు పోయాయి. ఇప్పుడైతే నేరుగా పెద్దదే వేస్తాను. నోటీసు దగ్గర పొరపాట్లు ఎక్కువ. ముదురు నీలం కాగితం మీద అచ్చు వేస్తే చెల్లదంటారు. దరఖాస్తు ఇచ్చిన మర్నాటి నుంచి 28 రోజులు లెక్క, ఒక్క రోజు తక్కువైనా మళ్లీ మొదటికి. బయట అంటిస్తే వానకి సిరా కారుతుంది, అందుకని అద్దం లోపలి వైపు నుంచి బయటికి కనిపించేట్టు పెట్టాం. రోజూ ఒక ఫోటో, చేతిలో ఆనాటి పేపరుతో. అతి జాగ్రత్త అనిపిస్తుంది, పంతొమ్మిదో రోజు ఎవరో తలుపు తోసి నోటీసు చింపేసినప్పుడు ఆ ఫోటోలే కాపాడాయి.

పాత షరతు తీసేయమని అడగలేదు, మార్చమని అడిగాం. తీసేయమంటే పోలీసులూ పక్కింటివాళ్లూ ఉలిక్కిపడతారు. కొత్త షరతు సారాంశం: క్యాబరే, బర్లెస్క్ అంకాలు తప్ప వేరే పెద్దల వినోదం లేదు, చనుమొనలు, జననాంగాలు ఎప్పుడూ కప్పి ఉండాలి, ప్రదర్శకులు ప్రేక్షకుల్ని, ప్రేక్షకులు ప్రదర్శకుల్ని తాకరాదు, పద్దెనిమిది నిండనివారికి ప్రవేశం లేదు, అంకపత్రాలు 12 నెలలు ఉంచి అడిగినప్పుడు చూపాలి, బట్టలు మార్చుకునే గదికి ప్రేక్షకుల దారి నుంచి అడ్డు ఉండాలి. తాకరాదు అన్న ముక్క నేనే పెట్టాను. వ్యాఖ్యాత ప్రేక్షకుల ఒళ్లో కూర్చునే పాత జోకు ఒకటి పోయింది, పోతే పోయింది.

లైసెన్సులో నాట్యం అన్న గడి టిక్ అయి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. 2013 నుంచి ఉదయం 8కి, రాత్రి 11కి మధ్య 500 మంది లోపు జనం చూసే నాట్యానికి లైసెన్సు అక్కర్లేదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పైన చెప్పిన నిర్వచనంలోకి వచ్చే నాట్యానికి ఆ సడలింపు లేదు. మాకెలాగూ పదకొండున్నర అవుతుంది కాబట్టి గడి ఉండి తీరాలి.

సవరణ వచ్చేలోగా తేదీలు పోతాయనుకుంటే ఒక్కో కార్యక్రమానికి విడిగా ఇచ్చే తాత్కాలిక కార్యక్రమ నోటీసు ఉంది, ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇక్కడ దాన్ని టెన్ (TEN) అంటారు. 21 పౌండ్లు, సిబ్బందితో కలిపి 499 మంది దాకా, పది పనిదినాల ముందు ఇవ్వాలి. ఇచ్చిన రోజూ షో రోజూ లెక్కలో రావు. పోలీసులకీ పర్యావరణ ఆరోగ్య విభాగానికీ అభ్యంతరం చెప్పడానికి మూడు పనిదినాలు. అయిదు నుంచి తొమ్మిది పనిదినాల ముందు ఇచ్చేది ఆలస్యపు టెన్. దానికి ఒక్క అభ్యంతరం వస్తే విచారణ కూడా ఉండదు, షో లేనట్టే. మాకు దీనిలో లాభం ఏమిటంటే, టెన్ కింద జరిగే రాత్రికి పబ్బు లైసెన్సు షరతులు వాటంతటవి వర్తించవు. నష్టం, ఒక ఆవరణకి ఏడాదికి 15 టెన్‌లూ, మొత్తం 21 రోజులే. అర్ధరాత్రి దాటితే రెండు రోజులు ఖర్చు. అంటే పది రాత్రులకే ఖాళీ. అసలు పబ్బువాళ్లకి ప్రపంచ కప్పు మ్యాచ్‌కీ కొత్త సంవత్సరానికీ టెన్‌లు కావాలి, మనకి పది ఇవ్వరు. మాకు మూడు దొరికాయి. ఇంకో సంగతి: టెన్ ఉన్నా సెక్సువల్ ఎంటర్‌టైన్‌మెంట్ వెన్యూ చట్టం పోదు, ఆ లెక్క దానిదే.

అంత తంటా ఎందుకు, ఆ ప్రత్యేక లైసెన్సే తీసుకోవచ్చుగా అంటారు. తీసుకోకపోవడానికి కారణాలు డబ్బుతో మొదలవుతాయి. ఫీజు కౌన్సిల్ ఇష్టం. అదే అనుసూచి కింద సెక్స్ షాపులకి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ 2011-12లో అడిగింది 29,102 పౌండ్లు; అందులో దరఖాస్తు చూసే ఖర్చు 2,667 మాత్రమే, మిగతాది లైసెన్సు రాకపోతే వెనక్కిచ్చే భాగం. దాని మీద వ్యాజ్యం సుప్రీం కోర్టుకీ, అక్కణ్నుంచి లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టుకీ వెళ్లింది. అన్నిచోట్లా అంత ఉండదు, కానీ పై అంతస్తు హాలు భరించేదీ కాదు. లైసెన్సు ఏడాదికి మించి ఇవ్వరు. ఈ ప్రాంతానికి తగిన సంఖ్య సున్నా అని కౌన్సిల్ నిర్ణయించొచ్చు. ప్రాంతం స్వభావం చూసి కాదంటే అప్పీలు లేదు, జుడీషియల్ రివ్యూ, అంటే నిర్ణయం చట్టబద్ధమేనా అని హైకోర్టుని అడగడం, ఒక్కటే. పైగా భవనం లీజులో సెక్స్ ఎస్టాబ్లిష్‌మెంట్ నడపరాదన్న షరతు ఉంటే లైసెన్సు చేతికొచ్చినా లీజు పోయే ప్రమాదం ఉంది. తీసుకోకుండా నడిపి దొరికితే జరిమానాకి ఇప్పుడు పైహద్దు లేదు.

మన దేశంలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. మహారాష్ట్ర 2016లో చేసిన చట్టం అశ్లీల నృత్యాన్ని నిర్వచిస్తూ ప్రేక్షకుల్లో కామవాంఛ రేపడానికి ‘మాత్రమే’ రూపొందించినది అంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు బార్లలో సీసీ కెమెరాలు, బడికీ గుడికీ కిలోమీటరు దూరం, మద్యం వడ్డించకూడదు లాంటి షరతులు కొట్టేసి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండున్నర వేళలు ఉంచింది. నోట్లు వెదజల్లడం కుదరదంది, టిప్పు చేతికివ్వచ్చంది. ఇక్కడ ‘ఏకైక లేదా ప్రధాన’, అక్కడ ‘మాత్రమే’. ఒక్క మాట తేడాతో వాదన ఎంత మారుతుందో మా అంకపత్రాలు రాసిన చేత్తో చదివితే తెలుస్తుంది.

28 రోజుల్లో రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి శబ్దం గురించి. కిటికీలు పదింటికి మూస్తామని రాసిస్తే వెనక్కి తీసుకున్నారు. రెండోది మా వీధిలో ఇలాంటివా అని. దానికి విచారణ. ముగ్గురు కౌన్సిలర్ల ఉపసంఘం, వస్తున్నట్టు అయిదు పనిదినాల ముందు చెప్పాలి. వీడియో చూపిద్దామని నిర్మాత అన్నాడు, వద్దన్నాను. ఆఫీసు గదిలో ట్యూబులైటు కింద, పక్కన జనం నవ్వు వినపడకుండా చూస్తే ఏ అంకమైనా నిర్వచనంలోదిలాగే కనిపిస్తుంది. అంకపత్రాలు, హాలు ప్లాను, కొత్త షరతు, తేదీల పట్టిక, అంతే. ఒక కౌన్సిలరు రసీదులు చేతికి ఎందుకివ్వరు అని అడిగింది. షరతు చూపించాను. నలభై నిమిషాల్లో అయిపోయింది, సవరణ ఇచ్చారు.

ఇప్పుడు గొడవంతా హాలు డైరీతో. పదకొండు అనేది ఆవరణకి లెక్క, నిర్వాహకుడికి కాదు. మా అక్టోబరు 10కి రెండు వారాల ముందు శనివారం, పెళ్లికూతుళ్ల పార్టీల కోసం మగ స్ట్రిప్ షో పెట్టే ఆయనకి మేనేజరు హాలు ఇచ్చేశాడు. ఆ షో నిర్వచనంలోదే, ఆయనే దాచడు. అది జరిగితే నెల ఎడం పోతుంది, మన ఉత్తరంలో రెండో వాక్యం అబద్ధమవుతుంది. డైరీలో మా తేదీకి ముందు నెల, తర్వాత నెల ఎర్ర గీత గీసి, పెద్దల షోలు వద్దని అద్దె ఒప్పందంలోనే రాయించాను. ఆయన వేరే హాలు చూసుకున్నాడు. పబ్బుకి ఆ శనివారం అద్దె 400 పౌండ్లు పోయింది, ఇప్పుడది మా అద్దెలో కలిపి అడుగుతున్నారు.